11 నెలల కాగితం, 7 ఏళ్ల డ్రిప్పు

డ్రిప్పు సబ్సిడీ, కిసాన్ క్రెడిట్ కార్డు, పంటల బీమా... సేద్యానికి పథకాలు లేవని ఎవరూ అనలేరు. లేనిదల్లా ఆ కాగితాల్లో చేను దున్నేవాడి పేరు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతు ఎక్కే ఒక్కో మెట్టూ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.

ముందు నీటి పొదుపు. కేంద్రం డ్రిప్పు పథకం 'పర్ డ్రాప్ మోర్ క్రాప్' కింద చిన్న, సన్నకారు రైతుకు డ్రిప్పు యూనిట్ ఖర్చులో 55 శాతం సాయం కేంద్ర నిబంధనల్లోనే ఉంది. రాష్ట్రం తన వాటా కలిపి దాన్ని 90 శాతం దాకా తీసుకెళ్లింది. కౌలు రైతుకూ అందులో చోటుంది, కాకపోతే ఒప్పందం కనీసం 7 ఏళ్లకు ఉండాలి. మరి 2019 నాటి రాష్ట్ర పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం (సీసీఆర్‌సీ) చెల్లేది 11 నెలలే. ఒక సర్కారు ఇచ్చే కాగితం ఇంకో సర్కారు అడిగే కాగితానికి పనికిరాదు.

ఫలితం చేలో కనబడుతుంది. పట్టాదారు మిర్చి తోటలో డ్రిప్పు లాటరల్ పైపు వెంట మొక్క మొదలు మాత్రమే తడుస్తుంది. గట్టు అవతలి కౌలు చేలో బోరు నీళ్లు సాళ్ల నిండా పారతాయి. వేసిన యూరియా నీటితో పాటు వేరుకందని లోతుకు దిగిపోతుంది, సాలు మధ్య గడ్డి లేస్తుంది, కలుపు కూలీ పెరుగుతుంది. తెలియక చేసే పని కాదిది. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు డ్రిప్పు సబ్‌మెయిన్ పైపుకు గాడి తవ్వించడు, చెరువు మట్టి తోలించడు, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి కలియదున్నేదాకా నెలన్నర ఆగడు. నేలకు పెట్టిన ఖర్చు రెండో ఏటికో మూడో ఏటికో గానీ తిరిగి రాదు. నేల సంరక్షణ గురించి ఎన్ని సదస్సులు పెట్టినా ఈ ముడి విప్పకపోతే దండగే.

ఇక అప్పు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్క సులువే. పంటకు ఎకరానికి నిర్ణయించిన రుణ పరిమితి 40 వేలు అనుకుంటే 3 ఎకరాలకు 1.20 లక్షలు. ఇంటి అవసరాలకు 10 శాతం, పరికరాల నిర్వహణకు 20 శాతం కలిపితే 1.56 లక్షలు. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా పంట రుణానికి తనఖా అడగకూడదు. వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతమే. బయట నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం!

కౌలు రైతుకు అప్పు ఆగేది సర్వే నంబరు దగ్గర. దాని మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే రెండోది పుట్టదు. అందుకే కౌలు మాట్లాడుకునేటప్పుడే ఆ నంబరు మీద అప్పుందేమో అడిగి తెలుసుకోవాలి. సీసీఆర్‌సీకి వీఆర్వో దగ్గరకు దుక్కులకు ముందే వెళ్లాలి, దాని మీద యజమాని సంతకం ఉండాలి. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో సాగుదారుగా తన పేరే ఎక్కించి వేలిముద్ర వేయాలి. ఇది మరిస్తే నష్టపరిహారం యజమాని ఖాతాకు పోతుంది. సంతకం దొరకనివారు 4 నుంచి 10 మంది కలిసి ఉమ్మడి పూచీ బృందంగా (జేఎల్‌జీ) బ్యాంకుకు వెళ్లొచ్చు. కాకపోతే ఒకరి బాకీకి అందరూ పూచీ.

సంతకం పెడితే భూమి పోతుందని యజమానుల భయం. పాత కౌలుదారీ చట్టాల జ్ఞాపకం అది, కొట్టిపారేయలేం. కానీ సీసీఆర్‌సీ భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, దాని మీద ఇచ్చే అప్పుకు హామీ పంటే. ఆ మాట ఊరూరా చెప్పాల్సింది రెవెన్యూ శాఖ. సంతకం తెచ్చే భారం మాత్రం కౌలు రైతు మీద వేశారు.

అసలు రైతంటే ఎవరు? 2007 జాతీయ రైతు విధానం కౌలుదారునీ, పాలికాపునీ రైతు నిర్వచనంలోకి తెచ్చింది. తర్వాత వచ్చిన పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు ఇచ్చేది భూమి ఉన్న కుటుంబాలకే. పాసు పుస్తకం ఉన్నవాడే రైతన్న రెవెన్యూ లెక్క మారనంత కాలం ఏ కొత్త పథకమైనా ఆ గుమ్మానికే చేరుతుంది.

ఎవరు సాగు చేస్తున్నారో తెలియదని ప్రభుత్వం అనడానికి వీల్లేదు. ఈ-పంటలో ప్రతి సీజనూ సర్వే నంబరుతో సహా సాగుదారు పేరు నమోదవుతోంది. ధాన్యం కొనుగోలుకు ఆ నమోదు చాలినప్పుడు పంట రుణానికి ఎందుకు చాలదు? గ్రామసభలో చదివి, అభ్యంతరాలు విని, ఆ జాబితానే బ్యాంకులకు పంపండి. వరుసగా మూడేళ్లు అదే చేలో పేరున్న కౌలుదారుకు 7 ఏళ్ల ఒప్పందం అడగకుండా డ్రిప్పు ఇవ్వండి. పైపులూ ఫిల్టరూ అతని పేరునే రాసి, చేను మారితే వెంట తీసుకెళ్లనివ్వండి.