కారణం రాయని ప్యాచ్

లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) నెట్‌వర్కింగ్ పొరకు పంపే ప్యాచ్‌లో, అంటే కోడ్ సవరణలో, ఏం మార్చారో కోడే చెబుతుంది. ఎందుకు మార్చారో నాలుగు వాక్యాలు రాయడానికి అంత బద్ధకమెందుకు? లోపాన్ని సరిదిద్దామంటారు, కానీ అది ఏ పాత కమిట్‌తో (కోడ్‌లో నమోదైన మార్పుతో) వచ్చిందో తెలిపే ‘ఫిక్సెస్’ పంక్తి ఉండదు. అది లేనప్పుడు, ఈ సవరణ ఏయే పాత విడుదలలకు అవసరమో ఆ విడుదలలకు సవరణలు చేర్చే స్టేబుల్ శాఖలను నిర్వహించేవారు ఎలా తేల్చుకోవాలి?

అంతకన్నా బాధ కలిగించేది మరొకటి. ప్యాకెట్‌లో కావలసిన బైట్లు వరుసగా ఒకచోట ఉండేలా చూసే ‘పీఎస్‌కేబీ మే పుల్’ (pskb_may_pull) ఫంక్షన్‌ను పిలిచాక ప్యాకెట్ హెడర్ మెమరీలో మరో చోటికి మారిపోవచ్చని అందరికీ తెలిసినా, అంతకుముందు తీసుకున్న పాయింటర్‌నే (పాత చోటి చిరునామానే) మళ్లీ వాడుతున్నారు. అప్పటికే వదిలేసిన ఆ పాత మెమరీని చదవడం చిన్న పొరపాటా? ఎక్కడో ఉన్న అపరిచితుడు పంపిన ప్యాకెట్ కూడా ఆ దారిలోకి రాగలదు! మెమరీ తప్పులను పట్టే కెర్నెల్ సాధనం కాసాన్ (KASAN) ఆన్ చేసి, ఆ దారిని తాకే పరీక్ష ఒక్కటి నడిపాక పంపకూడదా?