హెల్మెట్ పెట్టుకున్న ఆగస్టు

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 వారి విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం చేరువలో దిగిందని లోకమంతా నమ్ముతోంది. పొరపాటు. అంతకంటే ముందే, మధ్యాహ్నం రెండింటికల్లా, మా ఇంటి టీవీలో యాంకరు దిగిపోయాడు.

తెల్ల సూటు, వీపున ఆక్సిజన్ డబ్బా, నెత్తిన గుండ్రటి హెల్మెట్. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతే కనుక అడుగు తీసి అడుగు వేయడానికి అర నిమిషం తీసుకున్నాడు. పక్కన కూర్చున్న జ్యోతిష పండితులకు మాత్రం ఏ డబ్బా అక్కర్లేకపోయింది, పట్టుపంచెతోనే నెట్టుకొచ్చారు. ‘గురువుగారూ, మనఃకారకుడైన చంద్రుడి మీద ల్యాండర్ దిగితే కర్కాటక రాశి వారికి...’ అని యాంకరు అడిగాడు. హెల్మెట్ దాటి బయటికొచ్చింది బుడబుడ శబ్దమే. గురువుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మళ్ళీ బుడబుడ. ఈలోగా అద్దానికి ఆవిరి పట్టి యాంకరు మొహం మాయమైంది. చివరికి ఎవరో కుర్రాడు రబ్బరు చెప్పులతో చంద్రుడి మీదికి నడిచి వచ్చి, హెల్మెట్ ఊడదీసి, చెమట తుడిచి వెళ్ళాడు. చంద్రుడిపై కాలు మోపిన తొలి తెలుగువాడు అతడే. చరిత్రకారులు గమనించాలి.

వెనక ఎక్కడో బెంగళూరు ఇస్రో కేంద్రం నుంచి ల్యాండర్ ఎత్తు, వేగం చదువుతున్న నిదానమైన గొంతు సన్నగా వినిపించింది. నాలుగు రోజుల ముందే రష్యా వారి చంద్రనౌక లూనా-25 కూలిపోయింది కదా, ఆ అంకెలేమిటో విందామని చెవులు రిక్కించాను. కర్కాటకం అయిపోయి సింహం మొదలైంది.

27న ఇస్రో ఒక ముచ్చట చెప్పింది. చంద్రుడి నేల పైన సుమారు 50 డిగ్రీల వేడి. బెత్తెడు లోతుకు వెళితే సున్నాకు దిగువన 10. పైన రోహిణి కార్తె, కింద మంచు పెట్టె, నడుమ బెత్తెడు మట్టి! ఒళ్ళు పులకరించి టీవీ పెట్టాను. చంద్రుడి మీద తూర్పు ముఖం ప్లాటు గజం ఎంత పలుకుతుందో చర్చిస్తున్నారు.

అంతకుముందే, 24న, జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు. ‘పుష్ప’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడు. ఆ గౌరవం తెలుగు నటుడికి దక్కడం అదే మొదలు. పండగే, కాదనను. అయితే అదే జాబితాలో ఉత్తమ చిత్రం ‘రాకెట్రీ’. అది ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ కథ. ఆయనెవరని అడిగిన పాపాన పోలేదు ఒక్క యాంకరూ.

ఎందుకు అడుగుతారు? 1994లో రాకెట్ రహస్యాలు అమ్ముకున్నాడని ఆయన్ను జైల్లో పెట్టినప్పుడు, కోర్టు కంటే ముందు తీర్పు రాసింది ఈ వార్తల వృత్తే కదా! 1996లోనే సీబీఐ ఆ కేసు బూటకమని తేల్చింది. 50 లక్షల పరిహారం ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 వచ్చింది, మనిషి ముసలివాడైపోయాడు. జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్‌ను మోసుకెళ్ళిన రాకెట్‌లో మండిన వాటిలో ఆయన బృందం మలిచిన వికాస్ ఇంజన్లూ ఉన్నాయి. ద్రోహి అని అరిచిన నోళ్ళతోనే ఇప్పుడు జేజేలు కొడుతున్నారు, మధ్యలో ఒక్క క్షమాపణ లేదు. సిగ్గుండాలి. ఆ హెల్మెట్ మొహం దాచుకోవడానికి పెట్టుకుని ఉంటే నేనే దండ వేసేవాణ్ణి.

సెప్టెంబరు 2న ఇస్రో వారి సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1 సూర్యుడి వైపు బయలుదేరింది. యాంకరు నల్లకళ్ళద్దాలతో, గొడుగుతో వచ్చాడు. గురువుగారు సింహ రాశి నుంచి అందుకున్నారు. తెర అంచున రబ్బరు చెప్పుల కుర్రాడు విసనకర్ర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.