ముక్కూ మొహం తెలియని రచయిత

1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరాన్ని అచ్చు వేసింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్ల బండి తోలే కౌవాస్జీ, టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడట. పుణె దగ్గర ఒకతను నుదుటి చర్మం తీసి అతనికి కొత్త ముక్కు అతికించాడట. ఉత్తరంలో రోగి పేరుంది. ఈ విద్యను కళ్లారా చూసిన ఇద్దరు ఇంగ్లీషు వైద్యుల పేర్లున్నాయి. ముక్కు అతికించినవాడి పేరు మాత్రం లేదు. ఇటుకలు చేసే కులంవాడని ఉంది, అంతే. ఆ తర్వాత లండన్‌లో కార్ప్యూ అనే సర్జన్ అదే పద్ధతిలో ఆపరేషన్లు చేసి, 1816లో పుస్తకం ప్రచురించి, ప్రసిద్ధుడయ్యాడు. అసలు ముక్కు చేసినవాడు చరిత్రకు ముక్కూ మొహం తెలియనివాడిగా మిగిలిపోయాడు.

దీన్ని అన్యాయం అనేవాళ్లున్నారు. నేను సంప్రదాయం అంటాను. రెండు శతాబ్దాలు దాటినా చెక్కుచెదరని సంప్రదాయాలు ఎన్నున్నాయి చెప్పండి?

శస్త్రచికిత్స పరిశోధనలో పని విభజన స్పష్టంగా ఉంటుంది. రోగులు, నెత్తురు, చీము ఒక దేశం వంతు. పట్టికలు, ముగింపు వాక్యాలు, సదస్సు వేదికలు ఇంకో దేశం వంతు. ఏటా ప్రపంచంలో జరిగే 31.3 కోట్ల ఆపరేషన్లలో, జనాభాలో మూడో వంతుకు పైగా నివసించే అత్యంత పేద దేశాల వాటా 6 శాతమేనని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క తేల్చింది. ఆపరేషనే దొరకని చోట పరిశోధన వ్యాసంలో రచయిత హోదా దొరకాలనడం అత్యాశ కాదా?

అలాంటి దేశంలో పనిచేసే సర్జన్ మిత్రుడొకడు నాకున్నాడు. కుట్లకు చీము పట్టడంపై అధ్యయనమని విదేశీ బృందం ఒకటి వచ్చింది. రెండు వారాలుంది, థియేటర్ టోపీలతో ఫొటోలు దిగింది, వెళ్లిపోయింది. దీన్ని పారాచ్యూట్ పరిశోధన అంటారు గానీ ఆ పోలిక తప్పు. పారాచ్యూట్‌లో దిగినవాడికి తిరుగు టికెట్ ఉండదు. ఫారాలు నింపే పని మిత్రుడికి మిగిలింది. ఆపరేషన్ జరిగిన ముప్పయ్యో రోజున ప్రతి రోగికీ ఫోన్ చేసి కుట్టు ఎలా ఉందో అడగాలి. సగం నంబర్లు పక్కింటివాళ్లవి. ఒక నంబరు చనిపోయిన మామగారిది. రెండు ఆపరేషన్ల మధ్య వరండాలో నిలబడి, గ్లౌజుల పొడి అంటిన వేళ్లతో నంబర్లు నొక్కేవాడు.

వ్యాసం వచ్చింది. రచయితల్లో అతను లేడు. చివర్లో, చిన్న అక్షరాల్లో, స్థానిక సిబ్బందికి కృతజ్ఞతలు ఉన్నాయి.

ఇందులో నిబంధనల ఉల్లంఘన ఏమీ లేదని అతనికి ఓపికగా నచ్చజెప్పాను. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ రచయితకు నాలుగు షరతులు పెట్టింది. అధ్యయనంలో గణనీయమైన పాత్ర ఉండాలి. వ్యాసం రాయాలి, లేదా విమర్శనాత్మకంగా సవరించాలి. తుది ప్రతిని ఆమోదించాలి. జవాబుదారీగా నిలబడాలి. నీకు చిత్తుప్రతి పంపలేదు కనుక నువ్వు సవరించలేదు, సవరించలేదు కనుక నువ్వు రచయితవి కావు. తర్కంలో లోపం ఎక్కడుంది? మొదటి షరతు తీర్చినవాళ్లకు మిగతావి తీర్చే అవకాశం ఇవ్వాలని ఆ నిబంధనల్లోనే ఉందన్నాడు. నిబంధనలను అంత కిందిదాకా చదవడం సర్జన్లకు శోభించదు.

"సొమ్మొకడిది, సోకొకడిది" అని గొణిగాడు. సొమ్ము కాదు, డేటా అని సరిదిద్దాను. ఆ డేటా ఏం చెప్పిందో చదువుదామంటే పత్రిక డబ్బు కట్టమంది.

సొంతంగా రాసుకోవచ్చు కదా అంటారా? రాయవచ్చు. వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదవాలంటే చాలా పత్రికల్లో రచయితే రుసుము కట్టాలి. నేచర్ పత్రిక 2020లో ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. సర్జన్లు వెళ్లే పత్రికలు అంత అడగవు లెండి, జీతమంతా అడిగి ఊరుకుంటాయి. కటిక పేద దేశాలకు మాఫీ ఇచ్చే పత్రికలున్నాయి. కాస్త తేరుకున్న దేశాలవారు తేరుకున్నందుకు చెల్లించాలి.

ఇంత చక్కటి వ్యవస్థను 2021లో కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ సర్జన్ల బృందం పాడుచేయబోయింది. 116 దేశాల నుంచి సమాచారం పోగుచేసి, ఒకే వ్యాసానికి 15,025 మంది రచయితలను పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఫారాలు నింపినవాళ్లందరూ రచయితలేనట! మొదటి పేరెవరిదో, చివరి పేరెవరిదో తెలియకపోతే ప్రొఫెసర్ పదవులు ఎవరికివ్వాలి? వ్యాసాన్ని ప్రస్తావించేటప్పుడు మొదటి పేరు తర్వాత తగిలించే "మరియు తదితరులు" అనే రెండు మాటల్లో ఇన్నేళ్లుగా ఒదిగి ఉన్న జనమంతా ఒక్కసారిగా బయటికొచ్చి నిలబడితే పేజీలు చాలుతాయా?

ఇదే మాట మిత్రుడిని గట్టిగా అడిగాను. జవాబు చెప్పకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరికో ఫోన్ కలిసింది.

"అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీకు ఆపరేషనై నేటికి ముప్పయి రోజులు. కుట్టు దగ్గర తడిగా ఏమైనా ఉందా?"