పీఆర్ చదివే పిల్లలకు ముందు ప్రెస్ నోట్ రాయడం నేర్పండి

పబ్లిక్ రిలేషన్స్‌లో స్థిరపడాలని విజయవాడలో మా పత్రిక డెస్కుకు ఇంటర్న్‌షిప్ కోసం వచ్చే పిల్లలను చూస్తే ముచ్చటేస్తుంది, వాళ్లకు చదువు చెప్పినవారి మీద కోపమూ వస్తుంది. రీల్స్ ఎడిట్ చేయడం, పోస్టర్ డిజైన్ చేయడం వారికి కొట్టిన పిండి. పటమటలో జరిగిన రక్తదాన శిబిరం గురించి తెలుగులో నాలుగు పేరాలు రాయమంటే మాత్రం మూడు పేరాలు ముఖ్య అతిథి గుణగణాలకే సరిపోతాయి. రక్తం ఎంతమంది ఇచ్చారన్నది చివరి వాక్యంలోనూ కనిపించదు. శాలువా కప్పుతున్న ఫొటో పంపుతారు, అందులో ఎవరెవరున్నారో రాయరు. రాత్రి జిల్లా పేజీలు పెట్టే వేళకు వాట్సాప్‌లో వచ్చిపడే అలాంటి నోట్‌ను తిరగరాసే తీరిక ఏ సబ్ ఎడిటర్‌కూ ఉండదు.

అయినా శుభవార్తలు ఎవరైనా రాయగలరు. పీఆర్‌వో (పౌర సంబంధాల అధికారి) పనితనం తెలిసేది సంస్థకు చెడ్డరోజు వచ్చినప్పుడే. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ వద్ద వంతెన మీద నుంచి రైలు నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోతే, ఆ రైల్వే కంపెనీకి పనిచేస్తున్న, పీఆర్ వృత్తికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ విషయాన్ని దాచకుండా ప్రకటన ఇచ్చి, విలేకరులను ప్రమాదస్థలానికి రప్పించాడు. (అదే లీ 1914లో లడ్లో గని కార్మికుల ఊచకోత తర్వాత గని యజమానులైన రాక్‌ఫెల్లర్ల తరఫున తప్పుడు వివరాలతో బులెటిన్లు వేసి అభాసుపాలయ్యాడు. పాఠం చెప్పేవారు ఈ రెండో సగాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.)

అంత దూరం పోనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తి సింగ్‌నగర్ వాసులు మేడల మీద తలదాచుకున్న ఆ రోజుల్లో, కట్టకు మళ్లీ గండి పడిందంటూ పుకార్లు తిరిగాయి, అధికారులు ఖండించవలసి వచ్చింది. ఖండన ఎలా రాయాలో క్లాసులో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? ఏ గంటకు ఉన్న పరిస్థితి అది, ఎవరు చెబుతున్నారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, తర్వాతి సమాచారం ఎప్పుడిస్తారు అన్నవి అందులో ఉండాలి. సమయం వేయని ఖండనను మర్నాడు ఫార్వర్డ్ చేస్తే అదే ఇంకో పుకారవుతుంది.

ఏటా ఏప్రిల్ 21న జాతీయ పౌర సంబంధాల దినోత్సవం పేరిట సన్మానాలు ఘనంగానే చేసుకుంటాం. 1968లో ఆ రోజున ఢిల్లీ సదస్సు ఆమోదించింది వృత్తి నైతిక నియమావళిని అన్న సంగతి ఆ సభల్లో ఎంతమందికి గుర్తుంటుందో! ఆస్పత్రులైనా కాలేజీలైనా ఇక్కడ పీఆర్‌వోను పెట్టుకునేది చాలావరకు వ్యతిరేక వార్త రాకుండా ఆపడానికే, అదీ యాడ్ ఆశ చూపించి.

కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు జీతం సంగతితో పాటు ఇంకొకటి కూడా అడగండి: సంస్థలో ఏదైనా జరిగితే నాకు ముందుగా ఎవరు చెబుతారు, ఎంతసేపట్లో? విలేకరి ఫోన్ చేస్తే తప్ప విషయం తెలియని పీఆర్‌వో అతనికి ఏ జవాబూ ఇవ్వలేడు. ఆ ప్రశ్నకు యాజమాన్యం నీళ్లు నమిలితే ఇంకో చోట ప్రయత్నించండి.