హేవలాక్ వంతెన గారికి, గట్టు మీంచి ఒక విన్నపం

అయ్యా,

రిటైరై మూడు దశాబ్దాలు కావస్తున్నా సీటు వదలని మీకు నమస్కారం. మా రాజమండ్రిలో రిటైరైనవాళ్లు పొద్దున్నే గట్టున నడిచి, కాఫీ తాగి, ప్రభుత్వాన్ని తిట్టి ఇంటికెళతారు. మీరు తిట్టనూ తిట్టరు, ఇంటికీ వెళ్లరు.

మిమ్మల్ని కట్టడం 1897 నవంబరులో మొదలెట్టి, 1900 ఆగస్టుకల్లా రైలు నడిపేశారు. గోదారి వరదల మధ్య స్తంభానికీ స్తంభానికీ నడుమ 56 ఖానాలు, ఒక్కోటి 150 అడుగులు, మూడేళ్లు కూడా పట్టలేదు! కాశీలో గంగ మీద వంతెనతో చేయి తిరిగిన వాల్టన్ దొర కట్టించాడు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది. పని ఒకరిది, ఫలకం ఇంకొకరిది అనే పద్ధతి మన నాయకులు కనిపెట్టిందనుకుని ఇన్నాళ్లూ వాళ్లని అనవసరంగా ఆడిపోసుకున్నాను. ఏట్లో దిగి స్తంభాలు లేపిన కూలీల పేర్లు ఆ రోజూ ఎవరూ అడగలేదు, ఈ రోజూ అడగరు.

1997లో మీ మీద రైళ్లు ఆపేశారు. అప్పట్నుంచీ మిమ్మల్ని ఏం చేయాలా అని ఆలోచిస్తూనే ఉన్నాం. తుక్కు కింద అమ్మేద్దామంటే ఊరు ఒప్పుకోలేదు. టూరిజం అన్నారు. 2003 పుష్కరాలొచ్చి వెళ్లాయి, 2015వీ వెళ్లాయి. 2025లో అఖండ గోదావరి అని ఒక టూరిజం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, అందులో మీరూ ఉన్నారు. 2027 పుష్కరాలు గుమ్మంలో ఉన్నాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మల్లో మాత్రం పెళ్లికొడుకులా ఉంటారండి. లైట్లు, పూలకుండీలు, నవ్వుతూ నడిచే జనం. రాజమండ్రి ఎండలో గొడుగు లేకుండా నవ్వుతూ నడిచేవాళ్లు కంప్యూటర్ బొమ్మల్లోనే ఉంటారు.

ఈలోగా పక్కన కమానుల కుర్రాడు, అదే కొత్త ఆర్చి బ్రిడ్జి, దిగాడు. క్యాలెండర్లు, పెళ్లి ఫొటోలు, షాపు బోర్డులు అన్నీ వాడివే. ఆ ఫొటోల్లో వాడి పక్కన అడ్డంగా ఒక నల్ల గీత ఉంటుంది. "అదేంటండీ?" అని చుట్టాలడిగితే, "పాత బ్రిడ్జి" అని చెప్పి, గీత పడకుండా ఇంకో ఫొటో తీయిస్తాం.

అసలు ఈ ఉత్తరం రాసింది ఒక బాకీ గురించి. నా చిన్నప్పుడు ప్యాసింజరు మీ మీదకి ఎక్కగానే మా అమ్మమ్మ కొంగుముడి విప్పి, కళ్లకద్దుకుని, కిటికీలోంచి అర్ధరూపాయి విసిరింది. అది నీళ్లలో పడకుండా మీ ఇనుముకి తగిలి ఖంగుమంది. "అయ్యో, తల్లికి చేరలేదురా" అని ఇంకోటి విసిరింది. రెండోది గోదారమ్మకి ముట్టింది. మొదటిది మీ దగ్గరే ఉండిపోయింది.

అది ఏ గర్డరు సందులోనో ఇంకా ఉంటే దాచి ఉంచండి. నిధులు లేక పనులు ఆగాయని ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు వాళ్ల చేతిలో పెట్టండి.

ఇట్లు,
మీ నీడలో ఈత నేర్చుకున్నవాడు