పేరు చెప్పని రోమన్ కంచు నాణేనికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాన్‌స్టంటైన్ వంశపు కంచు నాణెం గారికి, ఉభయకుశలోపరి.

గారు అనడం ఇక్కడితో సరి. పట్టుమని 17 మిల్లీమీటర్లు లేవు, నీకు ఇంకా మర్యాదలెందుకు. నిన్ను ముద్రించిందే ఏలేవాడు ఎవరో బ్రిటన్ నుంచి సిరియా దాకా ఊరూరా చాటడానికి కదా, మరి భూతద్దం పట్టుకుని, లైటు పక్క నుంచి పడేలా వంచి, సాయంత్రమంతా బతిమాలినా నీ మీదున్నది తండ్రో కొడుకో ఎందుకు చెప్పవు?

తప్పంతా నీది కాదులే. ఆ పెద్దాయన, అదే రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్, కొడుకులకు పెట్టిన పేర్లు చూడు: కాన్‌స్టాంటినస్, కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్. మొదటి రెండింటికీ లాటిన్‌లో ఒక్క ఎన్ తేడా, నీ మీద అరిగిపోయింది సరిగ్గా ఆ ఎన్ ఉండాల్సిన చోటే. (ఈ ముగ్గురిలో పెద్దవాడికి తండ్రి పేరే, అది మరో తలనొప్పి.) మొహం చూసి పోల్చుకుందామా అంటే ఇంటిల్లిపాదికీ అదే ముక్కు, అదే చూపు. తల మీద ఏముందో చూడమంటారు. ఆకుల దండ ఉంటే సీజర్, అంటే ఇంకా వెయిటింగులో ఉన్న కొడుకు. రత్నాల పట్టీ ఉంటే అగస్టస్, అంటే గద్దెక్కిన చక్రవర్తి. బాగానే ఉంది, కానీ 337లో తండ్రి పోయాక ముగ్గురూ అగస్టస్‌లై పట్టీలు కట్టేసుకున్నారు, ఆ కిటుకూ పోయింది.

వెనక్కి తిప్పితే 'సైన్యపు కీర్తి' అని రాసి ఇద్దరు సైనికులు, మధ్యలో ధ్వజాలు. మొదట్లో రెండు ఉండేవి. 335-336 ప్రాంతంలో నీ బరువు కోసేశారు, ధ్వజాలూ రెండు కాస్తా ఒకటయ్యాయి, కీర్తిలో మాత్రం ఒక్క అక్షరం తగ్గలేదు! ఆ ఒంటి ధ్వజం రకాన్ని తండ్రి ఉండగానూ కొట్టారు, పోయాకా కొట్టారు. అందరూ తిరగేసే రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ కేటలాగేమో ఏడో సంపుటాన్ని సరిగ్గా 337తో ముగించి అక్కడి నుంచే ఎనిమిదోది మొదలుపెట్టింది. ఏది తియ్యమంటావ్?

ఆ కీర్తిగల సైన్యాన్నే వెంటేసుకుని 340లో పెద్దవాడు కాన్‌స్టాంటినస్ తమ్ముడు కాన్‌స్టాన్స్ రాజ్యం మీద పడ్డాడు, ఇటలీలోని అక్విలేయా దగ్గర ప్రాణం పోగొట్టుకున్నాడు. 348 నుంచి మిగతా ఇద్దరూ 'మంచి రోజులు తిరిగొచ్చాయి' అని కొత్త నినాదం అందుకున్నారు. దానికి ఎక్కువగా కనిపించే బొమ్మ ఏంటయ్యా అంటే, గుర్రం మీంచి కూలుతున్నవాణ్ణి బల్లెంతో పొడుస్తున్న సైనికుడు. ఆ గుర్రం వాడికి చెప్పాలి మంచి రోజుల సంగతి.

అడుగున గీత కింద టంకశాల గుర్తు కనిపించినా సగం పని అయ్యేది, టీఆర్ ఉంటే ట్రియర్, ఎస్ఎంఏఎన్ ఉంటే ఆంటియోక్. నీ విషయంలో అచ్చు పక్కకి జరిగి అది బిళ్ల దాటి బయట పడింది.

నిన్ను అమ్మినవాడు మాత్రం కవరు మీద 'మహా కాన్‌స్టంటైన్' అని తడుముకోకుండా రాసిచ్చాడు. అరిగినవన్నీ ఆయన ఖాతాలోకే, ధర పలికేది ఆ పేరుకే మరి. పైగా మెరవాలని వైరు బ్రష్షుతో తోమినట్టున్నాడు, గీతలు తెలుస్తున్నాయి. ఎన్ పోయింది అక్కడే కాబోలు.

ఇట్లు,
రెండు సంపుటాలూ ఒళ్లో పెట్టుకు కూర్చున్న ఒకడు