గ్యాలన్ బీరుకి బకెట్ శానిటైజర్ ఎందుకు బావా?

మొన్న శనివారం మా ఫ్రెండ్ అపార్ట్‌మెంట్‌కి వెళ్తే బాత్‌టబ్‌లో పెద్ద బకెట్, దాని నిండా నురగ. బట్టలు నానబెట్టావేంట్రా అంటే "కాదు బావా, శానిటైజర్, బీరు పెడుతున్నా" అన్నాడు. చేతులకి రాసుకునేది కాదు, బీరు తగిలే సామాను మీద క్రిముల్ని చంపే మందునీళ్ళు. ఎంత పెడుతున్నావ్ అంటే ఒక గ్యాలన్. అంటే 3.8 లీటర్ల బీరు కోసం వీడు 19 లీటర్ల శానిటైజర్ కలిపి, అందులో ఒక గాజు జగ్గు, ఒక గరాటు, ఒక ఎయిర్‌లాక్ (పులిసేటప్పుడు గ్యాస్‌ని బయటికి పంపి, గాలిని లోపలికి రానివ్వని మూత), ఓ మూరెడు ట్యూబు ముంచి తీసి, మిగతాదంతా నా కళ్ళముందే టబ్‌లో పారబోశాడు. ఎక్కడ? ఫీనిక్స్‌లో. కొలరాడో నది నుంచి కాలువ తవ్వి, పంపులతో ఎత్తిపోసి నీళ్ళు తెచ్చుకునే ఊళ్ళో. అప్పుడేమీ అనలేదు, వాడి ఇంట్లో వాడి బిర్యానీ తింటున్నా కదా. ఇక్కడ అంటున్నా.

వాడి తప్పు కూడా పూర్తిగా కాదు. అమెరికాలో ఇంట్లో బీరు కాయడం అనే హాబీ అంతా 5 గ్యాలన్ల లెక్క మీదే నిలబడింది. 1978లో అప్పటి ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఫెడరల్‌గా ఇది లీగల్ అయింది, పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకంటే ఎక్కువ ఉంటే 200. గరాజు, బేస్‌మెంట్ ఉన్నవాళ్ళు ఒకసారికి 5 గ్యాలన్లు కాసుకున్నారు, రెసిపీలూ సామానూ కొలతలూ అన్నీ దానికే కుదిరాయి. ఎక్కువమంది వాడే శానిటైజర్ స్టార్ శాన్ కూడా ఒక ఔన్స్‌కి 5 గ్యాలన్ల నీళ్ళు అనే లెక్కే. మనలాంటి రెండు బెడ్‌రూముల వాళ్ళు, స్టవ్ మీద పప్పు గిన్నె పక్కన కాసేవాళ్ళు, గ్యాలన్‌తో పది సీసాలు వస్తే చాలనుకునేవాళ్ళు తర్వాత వచ్చారు. రెసిపీని ఐదో వంతు చేసుకుంటారు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తగ్గిస్తారు, హాప్స్ (బీరుకి చేదిచ్చే పువ్వులు) గ్రాముల్లో తూస్తారు, శానిటైజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరే మిగులుతారు: బకెట్ నిండా కలిపేవాడు, "ఒక మూతెడు పోస్తే చాల్లే" అనేవాడు.

రెండోవాడు ఇంకా డేంజర్. ఎందుకంటే ఆ రెండోవాణ్ణి నేనే.

చారులో ఉప్పు చేతి కొలత. ఉప్మాలో నీళ్ళు కంటి కొలత. అలా పెరిగిన చేతులు కాబట్టి లీటరు నీళ్ళలో ఒక మూత పోసేశా. ఎక్కువైతే ఏముంది, ఇంకా బాగా చంపుతుంది కదా అని. కాదు. ఈ శానిటైజర్ వాడాక సామాను మళ్ళీ కడగక్కర్లేదు అంటారు, ఆ మాట సరైన పాళ్ళలో కలిపినప్పుడే వర్తిస్తుంది. ఎక్కువ పోస్తే మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి, కడిగితే ఆ నీళ్ళలో ఏముందో మళ్ళీ అదే టెన్షన్, ఇక శానిటైజర్ వాడి ఏం లాభం? తక్కువ పోస్తే ఆమ్లం చాలదు, పీహెచ్ (ఎంత ఆమ్లమో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) పనిచెయ్యాల్సిన 3కి దిగదు, సువాసన లేని సబ్బునీళ్ళతో సమానం.

అదే రోజు మూతలోంచి నాలుగు చుక్కలు బాత్రూమ్ సింకు పక్కన పాలరాయి మీద పడ్డాయి. తుడుద్దాంలే అని ఫోన్ ఎత్తా. వచ్చి చూస్తే నాలుగు తెల్లటి మచ్చలు, ఎంత రుద్దినా పోవు. పాలరాయి అంటే సున్నపురాయి జాతే, ఫాస్ఫారిక్ ఆసిడ్ పడితే తినేస్తుందని ఇంటర్‌లో చదివే ఉంటా. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో ఆ మచ్చల లెక్క కూడా కోశారు. నీళ్ళు కలపకముందు అది బలమైన ఆసిడ్, చేతికి గ్లవ్స్ వేసుకోండి, సింకులో పెట్టి కలపండి, రాయి మీద కాదు.

సరే, లెక్క. 5 గ్యాలన్లు అంటే 18.9 లీటర్లు, ఒక ఔన్స్ అంటే దాదాపు 29.6 మిల్లీలీటర్లు. భాగిస్తే లీటరుకి 1.6 మి.లీ. కూడా రాదు. గ్యాలన్‌కి 6. అర లీటరు స్ప్రే బాటిల్‌కి 0.8. ఇంత చిన్న కొలత స్పూనుతో కుదరదు, మూతతో అసలే కుదరదు. సూది లేని సిరంజి కావాలి, పిల్లల జ్వరం మందుతో పాటు వచ్చేది ఉంటుంది చూడండి, అలాంటిది. కానీ పిల్లలకి వాడేదాన్నే తీయకండి, ఇంకోటి కొని, దాని మీద మార్కర్‌తో రాసి, వేరే డబ్బాలో పెట్టండి. ఇంకోమాట, ఇక్కడ ఔన్స్ అంటే ద్రవం ఔన్స్, బరువు కాదు. ఆ ద్రావణం నీళ్ళ కంటే బరువు కాబట్టి కిచెన్ స్కేల్ మీద 28 గ్రాములు తూచి పోస్తే తక్కువ పడుతుంది. ఈ ఔన్సులు కనిపెట్టినవాడికి ఓ నమస్కారం.

అర లీటరు బాటిల్ ఒకటి చాలు, నిజంగా చాలు. ముందు సామాను శుభ్రంగా తోమాలి, అది వేరే పని, మురికి మీద ఏ శానిటైజరూ పని చేయదు. తర్వాత లోపలా బయటా స్ప్రే కొట్టి రెండు నిమిషాలు తడిగా ఉంచితే అయిపోయింది. ట్యూబు లోపలికి మాత్రం స్ప్రే సరిగ్గా వెళ్ళదు, దానికి ఓ లీటరు కలుపుకుని అటునుంచి ఇటు పారించండి.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా ఊరి కుళాయి నీళ్ళలో సున్నం ఎంతంటే కెటిల్ అడుగున పెచ్చు కడుతుంది. ఆ నీళ్ళలో కలిపితే కాసేపటికే మజ్జిగ తేటలా మసకబారుతుంది, అందులోని సబ్బు లాంటి పదార్థాన్ని కాల్షియం పట్టేసుకుంటుంది కాబట్టి. మసకబారినంత మాత్రాన చచ్చిందని కాదు, పీహెచ్ స్ట్రిప్ ముంచి 3 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే నేను వాడతా, లేకపోతే పారబోస్తా. డిస్టిల్డ్ నీళ్ళలోనో ఆర్‌ఓ నీళ్ళలోనో కలిపితే వారాల తరబడి తేటగా ఉంటుంది. బకెట్‌కి డిస్టిల్డ్ నీళ్ళు ఎవడు కొంటాడు? అర లీటరుకైతే కొనొచ్చు.

"బ్లీచ్ ఉందిగా, చవక" అనేవాళ్ళకి: నా మొదటి బ్యాచ్ దానితోనే చేశా, సరిగ్గా కడగలేదు. క్లోరిన్ మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్ అవుతుంది, చిటికెడున్నా చాలు. పది సీసాలూ ఆసుపత్రి బ్యాండేజీ కట్టు వాసన. పైగా బ్లీచ్‌నీ ఈ ఆసిడ్ శానిటైజర్‌నీ ఒకే సింకులో కలిపారంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది సరదా కాదు. అయోడిన్‌తో చేసిన అయోడోఫర్ మంచిదే, మన బెటాడిన్ కూడా ఆ కుటుంబమే, అలాగని బెటాడిన్ పోయకండి. బీరుకి అమ్మేదాన్ని సీసా మీద ఉన్న పాళ్ళలో కలిపితే పలచటి టీ రంగు వస్తుంది, రంగు పోయిందంటే బలం పోయినట్టే. ప్లాస్టిక్‌కి మరకలు పడతాయి, అందుకే నేను మానేశా.

ఇంట్లో అసలు గొడవ, కడగకుండా వదిలేసిన జగ్గులో మిగిలే నురగ మీద. మా ఆవిడ నేను చూడనప్పుడు జగ్గుని కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగేసింది. "కెమికల్ పోసి నీళ్ళు పోయకుండా వదిలేస్తావా? తాగేది దీంట్లోనే కదా?" కోలాలో ఉండేది కూడా ఫాస్ఫారిక్ ఆసిడే అన్నా, వినలేదు. చివరికి పనిచేసింది ఒకటే మాట: "మీ అమ్మ జాడీ కడిగి రెండు రోజులు ఎండబెట్టాక, ఆవకాయ పెట్టే ముందు మళ్ళీ కుళాయి కింద పెడుతుందా?" ఒక్క క్షణం ఆగి, జగ్గు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి బాటిల్ మీద "తాగకూడదు" అని టేప్ అంటించి తేదీ వేసేది తనే, ఎందుకంటే మా పిల్లాడు నురగ కనిపిస్తే ఆగడు.

మా తాతగారి ఊళ్ళో కల్లు గీసేవాళ్ళకి ఈ బాధలేవీ లేవు అనుకునేవాణ్ణి. కల్లు లొట్టి అంటుకున్న పాత మడ్డితోనే పులుస్తుంది, మనం దేన్ని చంపాలని చూస్తున్నామో అదే వాళ్ళకి తోడు. కానీ పులవకుండా తియ్యగా నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. మనం ఆసిడ్‌తో చేసేది వాళ్ళు క్షారంతో చేస్తారు. అక్కడా పూత లెక్కే, బకెట్లతో పొయ్యరు.

హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్ళకి: అక్కడ లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం, నన్ను ఇరికించకండి.

మా ఫ్రెండ్ ఇది చదువుతున్నాడని తెలుసు. బావా, నా దగ్గర కొత్త సిరంజి ఒకటి ఎక్స్‌ట్రా ఉంది. ఆదివారం వచ్చేటప్పుడు తెస్తా. ఆ బకెట్ బట్టలకి వాడుకో.